లిడన్ గారి గుమ్మం ముందు క్యూ

గురువారం పొద్దున్నే ఎడ్విన్ పిల్‌బీమ్ వంటింటి బల్ల మీద మ్యాపు పరిచాడు. అది ముడుచుకుపోకుండా నాలుగు మూలలా ఉప్పు సీసా, మార్మలేడు జామ్ సీసా, టీ కప్పు, భార్య మోచెయ్యి పెట్టాడు. మోచెయ్యి ఆమెనడిగి పెట్టింది కాదు. మ్యూరియల్ టోస్టు తింటూ ఉంటే, ఆ మూల లేచిపోతోందని ఆమె చేతిని కాస్త అటు జరిపాడు, అంతే.

"నెదర్ పాడ్‌కూంబ్," అన్నాడు. "ముందు ఏటి ఒడ్డున పాత నీటిమిల్లు. అక్కణ్ణించి అడవిలో బ్లూబెల్ పూలు. మధ్యాహ్నం పబ్బులో భోజనం. ఇందులో చెడిపోవడానికేముంది, నువ్వే చెప్పు?"

"నువ్వున్నావుగా," అంది మ్యూరియల్.

ఎడ్విన్ ఆ మాట పట్టించుకోలేదు. గ్యాసు ఆఫీసులో ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి గురువారం నడక సంఘానికి ఆయనే నాయకుడు. సంఘమంటే పెద్ద సంగతేమీ కాదు. పట్నంలో ఉన్న కొంతమంది పెద్దవాళ్ళు వారానికోసారి ఒక మినీబస్సెక్కి, ఏదో ఒక పాత ఊరో, కొండో, శిథిలమైన మఠమో చూసి, తడిసి, టీ తాగి తిరిగొస్తారు. కానీ ఎడ్విన్‌కి మిగిలిన ఆరు రోజులూ గురువారం కోసమే ఉండేవి. పాత రాతి వంతెన కనబడితే దాని మీద చెయ్యి వేసి నిమిరే మనిషాయన. ఇంకొకళ్ళ చేత కూడా వేయించే మనిషి.

చిక్కేమిటంటే, ఈ మధ్య ఆయన చెయ్యి వేసిందల్లా బూడిదవుతోంది. రోమన్ల కాలం నాటి గోడ చూపిస్తానని తీసుకెళ్తే ఆ పొలంలో ఆంబోతు ఉంది. జలపాతానికి తీసుకెళ్తే అందులో నీళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి. సముద్రం కనిపించే కొండ ఎక్కిస్తే, పొగమంచులో ఒకరికొకరే కనబడలేదు. ఈ మూడూ అయ్యాక డోరీన్ క్రంప్ కమిటీలో లేచి నిలబడింది. ఎర్ర టోపీ, గట్టి గొంతు, అంతకన్నా గట్టి అభిప్రాయాలూ ఉన్న మనిషి. ఇంకొక్క ప్రయాణం ఇలాగే చెడితే నాయకత్వం తనకివ్వాలంది. అప్పుడు గురువారాలన్నీ పెద్ద మొక్కల నర్సరీలకి వెళ్దామనీ, అక్కడ పైకప్పుంటుందనీ, కేకులుంటాయనీ, ఆంబోతులుండవనీ చెప్పింది. చాలామంది తలలూపారు. ఎడ్విన్‌కి ఇచ్చిన ఆఖరి అవకాశం పేరే నెదర్ పాడ్‌కూంబ్.

మినీబస్సు ఊరి చివర ఆగేసరికి సన్నగా తుంపర మొదలైంది. సంఘసభ్యులు వానకోట్లు తొడుక్కుని దిగారు. ఊరు చూడముచ్చటగా ఉంది. తేనెరంగు రాతి గోడలు, గడ్డికప్పు ఇళ్ళు, గుమ్మాల పక్కన గులాబీ తీగలు. మిల్లు మాత్రం కనబడలేదు.

"మిల్లెక్కడ?" అంది డోరీన్.

"ఇక్కడే," అన్నాడు ఎడ్విన్. మ్యాపు తడిసిపోతోందని ఒక ఇంటి గుమ్మం ముందున్న చిన్న పంచ కిందికి దూరాడు. తలుపుకి ముఖం పెట్టి, మ్యాపుని పొట్టకి ఆనించుకుని, దారి వెతకసాగాడు. వాన కాస్త పెరిగింది. మ్యూరియల్ ఆయన వెనక చూరు కిందికి జరిగింది. ఆమె వెనక డోరీన్ జరిగింది. చూరు ఒక్క మనిషి వెడల్పే ఉండటంతో మిగిలినవాళ్ళు కూడా గోడ వెంట ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు.

అప్పుడే అటుగా ఒక పెద్ద బస్సొచ్చింది. అందులోంచి వేరే ఊరి యాత్రికులు దిగారు. వాళ్ళకి ముందుగా కనబడింది చర్చీ కాదు, ఏరూ కాదు. ఒక తలుపు ముందు వరసగా నిలబడ్డ మనుషులు కనబడ్డారు.

మా దేశం వాళ్ళ సంగతి చెప్పాలి. ఒక మనిషి నిలబడితే మేం పట్టించుకోం. అతని వెనక ఇంకొకరు నిలబడితే ఓ చూపు చూస్తాం. మూడో మనిషి కూడా నిలబడ్డాడంటే, అక్కడేదో ఉండే ఉంటుందనీ, అది అయిపోయేలోగా మనం నిలబడకపోతే ఎలాగనీ కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి. ఎందుకు నిలబడ్డారని అడగడం మాత్రం ఉండదు. అడిగితే మనకి తెలియదని తెలిసిపోతుంది.

"క్యూ చివర ఇదేనా అండీ?" అని ఆ బస్సులోంచి దిగినావిడ అడిగింది. సంఘసభ్యుల్లో ఆఖరున ఉన్నాయన మర్యాదస్తుడు. తాను చివర ఉన్న మాట నిజమే కాబట్టి "అవునండీ" అన్నాడు.

ఎడ్విన్ దారి కనుక్కునేసరికి తుంపర ఆగింది. మిల్లు ఏటికి అవతల ఉంది. వంతెన దాటి కాస్త నడిస్తే చాలు. సంతోషంగా మ్యాపు మడిచి వెనక్కి తిరిగాడు. వరస గోడ పొడుగునా సాగి, మలుపు తిరిగి, చర్చి ప్రహరీ దాకా పోయి ఉంది.

"ఎడ్విన్!" అంది డోరీన్. ఎర్ర టోపీ కింద ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఎంత జనమో చూశారా! మీరు తీసుకెళ్ళిన చోటికి ఇంకొకళ్ళు రావడం ఇదే మొదటిసారి. పైగా అందరికన్నా ముందు మనమే. ఒప్పుకుంటున్నానండీ, ఈసారి మీదే పైచెయ్యి."

ఎడ్విన్ నోరు తెరిచాడు. ఇది ఎవరిదో ఇల్లు, నేను మ్యాపు చూసుకుంటున్నాను అని చెప్పడానికే తెరిచాడు. కానీ ఆయన పని గురించి మంచిమాట విని చాలాకాలమైంది. నోరు మళ్ళీ మూసుకుపోయింది.

"ఏముంది ఇక్కడ?" అంది మ్యూరియల్ మెల్లగా.

"తలుపు," అన్నాడు ఎడ్విన్ ఇంకా మెల్లగా.

"మరి చెప్పు వాళ్ళకి."

"చెప్తాను. కాస్త ఆగు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఎడ్విన్‌కి ముందు తలుపు, వెనక డోరీన్. ఆ సమయంలోనే ఒక పెద్దమనిషి పాలసీసా, వార్తాపత్రిక ఉన్న సంచీతో అటు వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి నడక. పేరు కత్‌బర్ట్ లిడన్. ఆ ఇల్లు ఆయనదే. గుడ్డు ఉడకబెట్టుకుని, సగం తిన్నాక టీలోకి పాలు లేవని గుర్తొచ్చి కొట్టుకి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే తన గుమ్మం ముందు సగం దేశం నిలబడి ఉంది.

"క్షమించండి," అంటూ డోరీన్ పక్కనుంచి తలుపు వైపు జరగబోయాడు.

"ఏమండీ!" అంది డోరీన్. "క్యూ చర్చి దగ్గర మొదలవుతుంది."

"అలాగా. క్షమించండి. నేను ఊరికే లోపలికి వెళ్దామని..."

"మేమంతా వెళ్ళేది లోపలికే కదండీ."

లిడన్ వరస వంక చూశాడు. వరసంతా ఆయన వంక చూసింది. మా దేశంలో మనిషిని చంపినవాడికైనా లాయరు దొరుకుతాడు గానీ, క్యూ తప్పినవాడికి దొరకడు. ఆయన ఇంకో రెండుసార్లు క్షమించమని, సంచీ పట్టుకుని మెత్తగా నడుచుకుంటూ వెళ్ళి చర్చి దగ్గర చివర నిలబడ్డాడు. ఎడ్విన్ ఇదేదీ గమనించలేదు. ఇంతలో ఏదన్నా అద్భుతం జరక్కపోతుందా అని తలుపు వంకే చూస్తున్నాడు.

అద్భుతం జరగలేదు గానీ, జనం పెరిగారు. ఎక్కడినుంచో ఐస్‌క్రీం బండి వచ్చి ఆగింది. ఊరి సంఘం తరఫున పసుపు చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి, వరస రోడ్డు మీదికి రాకుండా అడ్డాలు పెట్టాడు. ఏటి అవతల మిల్లు చూపించే ఆవిడ, పొద్దుటినుంచి ఒక్కరూ రాలేదేమిటా అని వెతుక్కుంటూ వంతెన దాటి వచ్చింది. వరస చూసింది. ఓ క్షణం ఆలోచించి తానూ నిలబడింది.

"ఎంతసేపండీ?" అంది డోరీన్. "తలుపు కొట్టండి."

ఎడ్విన్ కొట్టాడు. లోపలి నుంచి ఎవరో వచ్చి "ఇక్కడేమీ లేదు, పొండి" అని అరవాలని మనసారా కోరుకుంటూ గట్టిగా కొట్టాడు. ఎవరూ రాలేదు.

"ఇంకా సర్దుతున్నట్టున్నారు," అన్నాడు. అబద్ధమాడటం అలవాటు లేని మనిషి కావడంతో చెవులు ఎర్రబడ్డాయి.

ఆ మాట వరస వెంట ప్రయాణం కట్టింది. సర్దుతున్నారట. పాత సామానట. పాత సామానంటే రాజుల కాలం నాటిదట. యుద్ధంలో ఓడిన రాజు ఒకాయన ఈ ఇంట్లోనే ఒక రాత్రి దాక్కున్నాడట. చర్చి దగ్గరికి చేరేసరికి రాజుగారు పడుకున్న మంచం కూడా తయారైంది. లిడన్‌కి ముందున్నాయన వెనక్కి తిరిగి ఆ వార్త చెప్పాడు.

"నిజమా?" అన్నాడు లిడన్. "నేనెప్పుడూ వినలేదే." తన మంచం గురించి ఇన్నాళ్ళూ తక్కువగా అనుకున్నందుకు ఆయనకి కాస్త సిగ్గేసింది కూడా.

ఎడ్విన్ ఇక తట్టుకోలేకపోయాడు. ఊరివాళ్ళెవరైనా దొరికితే కాళ్ళావేళ్ళా పడదామని వరస వెంట నడుచుకుంటూ వెళ్ళాడు. అందరి దగ్గరా గొడుగులూ కెమెరాలూ ఉన్నాయి. పాలసీసా ఉన్నది ఒక్కరి దగ్గరే.

"మీది ఈ ఊరేనా అండీ?"

"అవునండీ."

"ముందున్న ఆ ఇల్లెవరిదో మీకేమైనా తెలుసా?"

"నాదేనండీ," అన్నాడు లిడన్.

ఎడ్విన్ పాలసీసా వంకా ఆయన వంకా చూశాడు. "మరి ఇక్కడ నిలబడ్డారేమిటండీ?"

"ముందుకు వెళ్ళాను. క్యూ ఇక్కడ మొదలవుతుందని ఎర్ర టోపీ ఆవిడ చెప్పారు. ఆవిడ చెప్పిందీ సబబే కదా."

ఎడ్విన్ ఉన్నదంతా కక్కేశాడు. మ్యాపు, వాన, చూరు, ఆంబోతు, నర్సరీలు, గురువారాలు, అన్నీ చెప్పాడు. లిడన్ శ్రద్ధగా విన్నాడు.

"మీరొచ్చి ఇక్కడేమీ లేదని ఒక్కమాట చెప్పండి చాలు," అన్నాడు ఎడ్విన్. "తర్వాత నా ఖర్మ."

"ఇంతమంది వానలో నిలబడ్డాక ఏమీ లేదంటే ఏం బాగుంటుందండీ?" అన్నాడు లిడన్. "ఓసారి చూసి వెళ్ళమనండి. పక్క సర్దలేదు, అదొక్కటే."

ఇద్దరూ కలిసి ముందుకు నడిచారు. సగం దూరం కూడా వెళ్ళలేదు. వరసలో గుసగుసలు లేచాయి. గొంతులు సవరించుకున్నారు. ఒకావిడ గొడుగు అడ్డం పెట్టింది. ముందునుంచి డోరీన్ గొంతు వినిపించింది. "ఎడ్విన్! మీవాణ్ణి మధ్యలోంచి తీసుకొస్తారా? మీరా?"

"డోరీన్, ఈయన..."

"ఎవరైతేనేమండీ! రాజైనా క్యూలోనే రావాలి."

వరసంతా "అవునవును" అంది. లిడన్ అప్పటికే క్షమించమంటూ వెనక్కి నడుస్తున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది వ్యవహారం. తలుపు తెరిస్తే గానీ క్యూ కదలదు. తాళంచెవి వస్తే గానీ తలుపు తెరుచుకోదు. తాళంచెవి ఉన్నాయన క్యూ చివర ఉన్నాడు. ఈ లెక్కన అందరూ అక్కడే క్రిస్మస్ చేసుకునేవాళ్ళే.

చివరికి దారి చూపింది లిడనే. "మనిషి ముందుకెళ్తే తప్పు గానీ, తాళంచెవికేముందండీ?" అన్నాడు. తాళంచెవి చేతులు మారుతూ వరస వెంట ముందుకు వెళ్ళింది. దాన్ని అందుకున్న ప్రతివాళ్ళూ "థాంక్యూ" అన్నారు, అందించిన ప్రతివాళ్ళూ "క్షమించండి" అన్నారు.

తన చోటికి తిరిగొచ్చిన ఎడ్విన్ దాన్ని అందుకుని తలుపు తెరిచాడు. జనాన్ని నలుగురైదుగురి చొప్పున లోపలికి పంపే పని డోరీన్ తనంతట తానే చేపట్టింది. చూపించే పని ఎడ్విన్ మీద పడింది. ఇక అబద్ధం ఆడకూడదని ఆయన గట్టిగా అనుకున్నాడు. అందుకని కనబడ్డదే చెప్పాడు.

"ఇది వంటగది," అన్నాడు. "ఇక్కడ వంట చేసుకుంటారు. అది కెటిల్. నీళ్ళు కాచుకోవడానికి. ఇవి నిన్నటి గిన్నెలు. ఇంకా తోమలేదు."

"ఎంత సాదాగా చెప్తున్నాడో!" అని ఒకావిడ మెచ్చుకుంది. "మొన్న కోటలో అయితే తేదీలు చెప్పి చంపారు."

సగం తిన్న గుడ్డు చుట్టూ జనం మూగారు. "మైనంతో చేశారు," అన్నాడొకాయన. ఇంకొకాయన వేలితో పొడిచి చూసి, మైనాన్ని ఇంత బాగా చేసేవాళ్ళు ఈ రోజుల్లో కూడా ఉన్నారా అని ఆశ్చర్యపోయాడు. సర్దని మంచం ముందు అందరూ టోపీలు తీశారు. "రాజుగారు హడావిడిగా లేచి పారిపోయినట్టుంది," అని ఎవరో అన్నారు. ఎడ్విన్ అవునూ అనలేదు, కాదూ అనలేదు. చారల పైజమా మాత్రం రాజుగారిది కాదని ఒక్కమాట అన్నాడు. ఆ వినయం కూడా అందరికీ నచ్చింది.

ఎట్టకేలకు లిడన్ వంతు వచ్చింది. కాళ్ళు తుడుచుకుని తన ఇంట్లోకి తాను అడుగుపెట్టి, తిన్నగా కెటిల్ దగ్గరికి వెళ్ళాడు.

"ముట్టుకోకూడదండీ," అంది డోరీన్.

"క్షమించండి. కాస్త కూర్చోవచ్చా?"

"అయ్యో, అది ఆయన కుర్చీ అండీ!" అంది డోరీన్. అప్పటికే దానికి అడ్డంగా తన మెడగుడ్డ కట్టేసింది.

"ఎవరిది?"

"ఇక్కడుండే ఆయనది. చూడండి, బల్లకి కుర్చీలు రెండున్నాయి. అరిగింది మాత్రం ఒక్కటే. రెండో దాని మీద దిండు ఎంత శుభ్రంగా ఉందో చూశారా? భార్య పోయి చాలాకాలమై ఉంటుంది. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు పాపం. కూర్చోవడానికి ఎవరూ వచ్చి కూడా ఉండరు." చివరి మాటకి ఆమె గట్టి గొంతు కాస్త తగ్గింది.

లిడన్ ఆ రెండో కుర్చీ వంక చాలాసేపు చూశాడు. "అవునండీ," అన్నాడు. "అరిగింది ఒక్కటే."

పక్కనే ఉన్న ఎడ్విన్ ఇదంతా విన్నాడు. నాయకత్వం పోతే పోయింది, ఈ మనిషికి టీ అయినా ఇవ్వాలనిపించింది. "డోరీన్," అన్నాడు. "ఈ ఇల్లు ఈయనదే. కుర్చీ ఈయనదే. గుడ్డు కూడా ఈయనదే. నేను మ్యాపు చూసుకోవడానికి ఈ గుమ్మంలో నిలబడ్డాను. మీరంతా నా వెనక నిలబడ్డారు. జరిగింది అంతే."

డోరీన్ ముఖం టోపీ రంగులోకి మారింది. "మరి ముందే చెప్పకూడదుటండీ!" అంది లిడన్‌తో.

"మీరు పనిలో ఉన్నారు కదా," అన్నాడు లిడన్. ఆమె ఇబ్బంది చూడలేక, "మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో ఇన్ని మాటలు వినబడటం ఇదే మొదటిసారి. తప్పకుండా మళ్ళీ రండి," అని కూడా అన్నాడు.

మళ్ళీ రండి అన్న మాట మా దేశంలో ఎవరూ నమ్మరు. నమ్మరన్న ధైర్యంతోనే అందరం అంటాం. డోరీన్ నమ్మింది.

వెళ్ళేముందు ఎడ్విన్ కెటిల్ పెట్టి లిడన్‌కి టీ చేసిచ్చాడు. తన ఫోన్ నంబరు ఇచ్చి, ఈసారి ఎవరైనా గుమ్మం ముందు నిలబడితే వెంటనే పిలవమన్నాడు. మినీబస్సు పట్నానికి తిరిగి బయల్దేరింది. బ్లూబెల్ పూలు ఎవరూ చూడలేదు. పబ్బులో భోజనం వేళ దాటిపోయింది. మిల్లు సంగతి అడిగినవాళ్ళే లేరు. అంతా అయిపోయిందనుకున్నాడు.

సోమవారం కమిటీ కూర్చుంది. డోరీన్ లేచి నిలబడింది. ఎడ్విన్ తల వంచుకున్నాడు.

"ఇంతకన్నా మంచి ప్రయాణం మన సంఘం చరిత్రలో లేదు," అంది డోరీన్. చప్పట్లు మోగాయి. ఎడ్విన్ తలెత్తాడు. "ఇది ఎడ్విన్ చలవే. ఇంత మంచి చోటు దొరికాక, ఇక కొండలనీ గుట్టలనీ తిరగడమెందుకు? ప్రతి గురువారం లిడన్ గారింటికే వెళ్దాం. ఆయనే రమ్మన్నారు. గుమ్మం దగ్గర జనాన్ని నేను చూసుకుంటాను. దారి అందరికీ తెలుసు కాబట్టి ఇక నాయకుడి అవసరం కూడా లేదు. ఎడ్విన్‌కి కృతజ్ఞతలు చెప్పుకుంటూ ఆ పదవి తీసేద్దామని నా ప్రతిపాదన."

చేతులన్నీ లేచాయి. ఎడ్విన్‌ది కూడా లేచింది. అందరూ చెయ్యెత్తాక ఒక్కడే దించుకుని కూర్చుంటే బాగుండదు కదా.

రెండు రోజులు ఆయన మ్యాపు తెరవలేదు. ఆంబోతుకు భయపడి పరిగెత్తిన రోజే నయమనిపించింది. అప్పుడు కనీసం వెనక మనుషులు పరిగెత్తారు. ఓడిపోయి పదవి పోగొట్టుకున్నవాణ్ణి ఓదార్చడానికి మాటలుంటాయి. గెలిచి పోగొట్టుకున్నవాడికి మ్యూరియల్ దగ్గర కూడా మాటల్లేవు. ఇంకో టోస్టు పెట్టి ఊరుకుంది.

బుధవారం సాయంత్రం ఫోన్ మోగింది.

"నేనండీ, లిడన్‌ని. రేపు మీవాళ్ళు వస్తున్నారని క్రంప్ గారు ఫోన్ చేశారు."

"వద్దనలేకపోయారా?"

"ఎలా అంటానండీ? రమ్మన్నది నేనే కదా." "నేనుంటే కుర్చీల దగ్గర అడ్డంగా ఉంటుందని ఆవిడ అన్నారు. అదీ సబబే. అందుకని అడుగుతున్నాను. మీరు రేపు ఎటైనా వెళ్తున్నారా? ఇన్నేళ్ళయి ఉంటున్నాను గానీ, మా ఊరు దాటి నేనేమీ చూడలేదండీ. మీకు ఇబ్బంది కాకపోతే మీ వెంట వస్తాను."

"రోమన్ల గోడ ఒకటుంది," అన్నాడు ఎడ్విన్. "ఆంబోతు ఉంటుంది. ఫరవాలేదా?"

"చాలా సంతోషమండీ," అన్నాడు లిడన్.

ఫోన్ పెట్టేసి ఎడ్విన్ వంటింట్లోకి వచ్చాడు. ఫోన్లో మాటలు వింటూనే ఉన్న మ్యూరియల్‌కి ముఖం చూస్తేనే విషయం అర్థమైంది. రొట్టెకి వెన్న రాయడం మొదలుపెట్టింది.

"ఇద్దరికీ ఒక్క ఫ్లాస్కు సరిపోతుంది," అంది. "పక్కపక్కనే నడవండి. ఒకరి వెనక ఒకరు మాత్రం నిలబడకండి."